స్కానులో కదలొద్దని ఎందుకంటారు?

అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. మొన్న మా అమ్మకి తల ఎంఆర్ఐ తీయించాం. మధ్యలో దగ్గు వచ్చి కదిలింది, మళ్ళీ తీయాలన్నారు. "ఒక్కసారి దగ్గితే అంతా పోతుందేంట్రా?" అంది. ఆయ్, పోతుందండి. ఎందుకో చెప్తాను.

టూడీ స్కాన్ అంటే కొబ్బరిని ముక్కముక్కగా చూసినట్టు. త్రీడీలో కాయ మొత్తాన్నీ కొలిచి, తర్వాత కావాల్సిన వైపు నుంచి కోసి చూస్తారు. అక్కడ ప్రతి కొలతలోనూ తల మొత్తం సమాచారం కలిసి ఉంటుంది. అందుకే కాసేపు కదిలినా ఆ మసక బొమ్మంతా పాకుతుంది.

మరి త్వరగా తీయొచ్చు కదా? ఒక్కో కొలతకి 10 మిల్లీసెకన్లు అనుకోండి. 256 ఇంటూ 160, అంటే 40,960 కొలతలు. దాదాపు 7 నిమిషాలు. ఇంకా స్పష్టంగా కావాలని 2 మిల్లీమీటర్ల గడిని అన్ని వైపులా 1 మిల్లీమీటరు చేస్తే, ఒక్కో గడిలో సిగ్నల్ ఎనిమిదో వంతే. దాన్ని సమయంతోనే పూడ్చాలంటే 64 రెట్లు పడుతుంది!

అందుకే కొలతలు తగ్గించే దారులు వెతికారు. 1999లో వచ్చిన సెన్స్ పద్ధతి, తల చుట్టూ ఉన్న చాలా కాయిల్స్ సాయంతో వదిలేసిన కొలతల లోటు పూడుస్తుంది. 2007లో లస్టిగ్, డోనోహో, పాలీ కంప్రెస్డ్ సెన్సింగ్‌ని ఎంఆర్ఐకి తెచ్చారు. అయితే ఊరికే రాదండి. సెన్స్‌తో సమయం సగం చేస్తే బొమ్మలో గరుకు కనీసం 1.4 రెట్లవుతుంది.

కాబట్టి దగ్గు, నడుం నొప్పి ఉంటే పడుకోకముందే టెక్నీషియన్‌కి చెప్పండి. మెత్తలు సర్దుతారు, వీలుంటే తక్కువ సమయం పట్టే స్కాన్ ఎంచుకుంటారు. రెండోసారి తీసే బాధ తప్పొచ్చు. ఉంటానండి.