ముష్టి గింజ, మన కాలేయం

నంద్యాల, కడప జిల్లాల మీదుగా సాగే నల్లమల కొండల్లో ముష్టి చెట్లున్నాయి. నారింజంత పండు, లోపల బొత్తాల్లాంటి చదును గింజలు. ఈ గింజలనే చైనా వైద్యులు మాచియన్‌జీ పేరుతో కీళ్ళనొప్పులకు వాడతారు. గింజలోని చేదంతా స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే ఆల్కలాయిడ్లది. స్ట్రిక్నిన్‌ను 1818లో ఫ్రాన్సులో పెల్లెటియర్, కావెంటూ వేరుచేశారు.

మింగిన స్ట్రిక్నిన్ పేగుల్లోంచి త్వరగా రక్తంలో కలుస్తుంది. వెన్నుపాములో కండరాలను అదుపుచేసే గ్లైసిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. చిన్న చప్పుడైనా చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఈలోగా కాలేయంలోని సైటోక్రోమ్ పి450 ఎంజైములు ఆ అణువుకు ఆక్సిజన్ తగిలించి, మూత్రంలో పోయేలా మారుస్తాయి. కొంత మారకుండానే పోతుంది. రక్తంలో ఉన్నది సగానికి తగ్గాలంటే 10 గంటలకు పైనే పడుతుంది. ప్రాణం పోవడానికి మాత్రం అంత సమయం అక్కర్లేదు.

అందుకే శుద్ధి. ఆయుర్వేదంలో గోమూత్రంలో నానబెట్టి, పాలలో ఉడికించి, నేతిలో వేయిస్తారు. చైనాలో వేడి ఇసుకలో వేయిస్తారు. ఆ వేడికి స్ట్రిక్నిన్ తగ్గి, కొంత ఎన్-ఆక్సైడ్‌గా మారుతుంది. కాలేయం చేసే మార్పుల్లో ఒకటి పొయ్యి మీదే జరిగిపోతుందన్నమాట! ఆ పాతకాలపు వైద్యుల పరిశీలనకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అయినా ఇంట్లో ఈ ప్రయోగం వద్దు. మనం వేసుకునే చాలా మాత్రలను అరిగించేవీ కాలేయంలోని ఆ ఎంజైములే. కాబట్టి నాటుమందు తీసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ముష్టి గింజ తిన్నవారిని కదిలించకుండా, చప్పుడు లేకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయండి.