అప్రెంటిస్‌గా చేరే ముందు: మీకూ యజమానికీ మధ్య మొదటి నెల

అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం (దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంత అభ్యర్థుల కోసం)

ఇబ్రహీంపట్నం నుంచి, చౌటుప్పల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పథకానికి ఎవరు అర్హులు, దరఖాస్తు ఎలా చేయాలి అన్నది మీకు ముందే చెప్పారు. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. మీలో కొందరు చీరల షోరూముల్లో, కొందరు సూపర్‌మార్కెట్లలో, కొందరు బండ్ల సర్వీసింగ్ సెంటర్లలో చేరబోతున్నారు. మొదటి నెలలో అక్కడ నేర్చుకునేది పని ఒక్కటే కాదు. ఈ యజమానిని నమ్మొచ్చా, ఇక్కడ తప్పు జరిగితే నోరు విప్పి చెప్పొచ్చా, లేక తల వంచుకుని రోజులు గడపాలా అన్నది కూడా ఆ నెలలోనే మనసులో పడిపోతుంది. ఒకసారి పడ్డాక తీయడం కష్టం. యజమానికి మీ మీద ఏర్పడే అభిప్రాయం కూడా అంతే.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

2019లో సవరించిన అప్రెంటిస్‌షిప్ నిబంధనలు కనీస స్టైపెండ్ ఇంత అని పెట్టాయి. పదో తరగతి పాసైన వారికి నెలకు రూ.6,000, ఇంటర్ పాసైన వారికి రూ.7,000, డిప్లొమా వారికి రూ.8,000, డిగ్రీ వారికి రూ.9,000. యజమాని ఇంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. ఇందులో 25 శాతం, గరిష్ఠంగా రూ.1,500, ప్రభుత్వం భరిస్తుంది. 2016లో పథకం మొదలైనప్పుడు ఈ వాటాను కంపెనీకి తిరిగి చెల్లించేవారు. 2023 నుంచి నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నారు. అంటే మీ స్టైపెండ్ రెండు ముక్కలుగా వస్తుంది.

ఉదాహరణకు ఇంటర్ పాసైన చెల్లెలు షోరూంలో చేరింది. ఒప్పందంలో రూ.7,000 అని ఉంది. నెల తిరిగేసరికి షోరూం వాళ్లు రూ.5,500 వేశారు. "సేఠ్ పదిహేను వందలు కొట్టేశాడు" అని ఇంట్లో చెప్తుంది. నాన్న కోపంతో షాపుకు వెళ్తాడు. నిజానికి ఆ రూ.1,500 ప్రభుత్వం వాటా, అది వేరుగా రావాలి. ఆధార్ బ్యాంకు ఖాతాకు లింకు కాకపోతే అది దారిలోనే ఆగుతుంది. ఎవరూ దొంగ కాదు, కానీ మొదటి రోజే రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పినవారు లేరు. అందుకని చేరిన రోజే మీరే అడగండి: "సార్, మీ వైపు నుంచి ఎంత వస్తుంది, ఎన్నో తారీఖున?" తర్వాతి నెల 10వ తేదీ లోపు ఇవ్వాలని నిబంధన ఉంది. అడిగితే ఏమనుకుంటారో అని భయపడొద్దు. అడగకుండా మనసులో పెట్టుకోవడమే ఇద్దరికీ నష్టం.

రెండోది, మీరు ఎవరు అన్న ప్రశ్న. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం ఒప్పందం నమోదైన అప్రెంటిస్ ట్రైనీ, కార్మికుడు కాదు. అందుకే పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు ఉండవు. కాబట్టి మీ స్లిప్పులో పీఎఫ్ కట్ అయిందంటే ఆగి చూడండి. అప్పుడు మిమ్మల్ని ఉద్యోగిగా చూపిస్తున్నట్టే. యూఏఎన్ నంబరు అడగాలి, ఉద్యోగికి ఇవ్వాల్సిన జీతం కూడా అడగాలి. ఇంకోవైపు, మెడలో "ట్రైనీ" అని బ్యాడ్జీ వేసి, ఏ ఒప్పందమూ లేకుండా మూడు నెలలు సరుకు మోయించే చోట్లు కూడా ఉన్నాయి. బ్యాడ్జీ మీద రాసినంత మాత్రాన ఎవరూ అప్రెంటిస్ కారు. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో మీ పేరు మీద ఒప్పందం ఉండాలి, అందులో మీ సంతకం, యజమాని సంతకం ఉండాలి, మీకు 18 ఏళ్లు నిండకపోతే అమ్మానాన్నలది కూడా ఉండాలి. దాని కాపీ మీ ఫోన్‌లో ఉండాలి.

ఇక నేర్పే తీరు. మన హైదరాబాద్‌లో మెకానిక్ షెడ్డుకు వెళ్తే ఇప్పటికీ "ఉస్తాద్" అనే పిలుస్తారు. ఉస్తాద్ తిడతాడు, చాయ్ తెమ్మంటాడు, కానీ ఇంజన్ విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆ పక్కన కూర్చోబెట్టుకోవడం వల్లే పోరగాడు తిట్లు కూడా మర్చిపోతాడు. షోరూంలో మీ ఉస్తాద్ ఎవరు? పదేళ్లుగా కౌంటర్‌లో నిలబడుతున్న సీనియర్ అక్క. ఆమె నేర్పకపోతే ఇంకెవరూ నేర్పలేరు. పట్టుకూ ఆర్ట్ సిల్క్‌కూ తేడా వేళ్లతో ఎలా చూడాలో, పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబంలో నిర్ణయం ఎవరిదో ఎలా పసిగట్టాలో ఏ వీడియోలోనూ ఉండదు.

కానీ ఆమె నేర్పడానికి ఎందుకు వెనకాడుతుందో కూడా తెలుసుకోండి. ఆమెకు అమ్మకాల మీద ఇన్సెంటివ్ ఉంటుంది. మీరు అమ్మిన ప్రతి చీరా తన లెక్కలోంచి పోతుందని ఆమె భయం. చట్టం ఇక్కడ ఒక మంచి పని చేసింది: అప్రెంటిస్‌కు ముక్కల లెక్కన డబ్బు ఇవ్వకూడదు, ఇన్సెంటివ్ స్కీముల్లో పాల్గొనాలని అడగకూడదు. అంటే మీకు టార్గెట్ లేదు. ఈ మాట ఆ అక్కకు మొదటి రోజే చెప్పండి: "అక్కా, బిల్లు మీ పేరు మీదే వేయండి, నాకు చూపిస్తే చాలు." నా అంచనాలో ఇంతకన్నా పనికొచ్చే వాక్యం ఇంకొకటి లేదు. ఆ తర్వాత ఆమె మీతో మాట్లాడే తీరు మారుతుంది. అప్పుడు మీకూ ఆ షాపు పరాయిదిగా అనిపించదు. మేనేజర్లు కూడా ఇది గమనించాలి. కొత్తవాళ్లకు నేర్పినందుకు సీనియర్‌కు ఏమీ ఇవ్వకుండా నేర్పమంటే, ఆమె ఎందుకు నేర్పుతుంది?

ఆషాఢం ఆఫర్లు, బతుకమ్మ, దసరా రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కాలు పెట్టే సందు ఉండదు. ఆ సమయంలో రాత్రి దాకా ఉండమంటారు. అప్రెంటిస్ సలహాదారు అనుమతి లేకుండా అప్రెంటిస్‌తో ఓవర్‌టైం చేయించకూడదని చట్టంలో ఉంది. మీ శిక్షణకు ఉపయోగమో, ప్రజా ప్రయోజనమో ఉందనిపిస్తేనే ఆ అనుమతి ఇస్తారు. దీన్ని గొడవ పెట్టుకోవడానికి వాడమని కాదు. "సార్, అనుమతి ఉందా? మా ఊరికి చివరి బస్సు ఉంది" అని మర్యాదగా అడగండి. షాపు వాళ్లు ఒకరోజు ఇంటికి చేర్చే ఏర్పాటు చేశారంటే, ఆ సంగతి మీరు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. చేయలేదన్నా గుర్తుంటుంది.

కూర్చోవడం గురించి కూడా ఒక మాట. కస్టమర్ లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి, అది క్రమశిక్షణ అని కొన్ని చోట్ల మొదటి పాఠంగా చెప్తారు. పక్కన కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపు సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలని చట్టం సవరించారు. అక్కడ కూడా వ్యాపారాలు నడుస్తూనే ఉన్నాయి. పది గంటలు నిలబెట్టి నేర్పేది గౌరవం కాదు, గడియారం చూడటం.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నా. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో ట్రైనీ, అప్రెంటిస్ అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. "నువ్వింకా ఉద్యోగివి కాదు" అని ఎవరైనా అంటే అది చెల్లదు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. కమిటీలో ఎవరున్నారో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. అంతకంటే చిన్న షాపైతే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్తుంది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్నది కూడా అప్రెంటిస్ చట్టంలోనే ఉంది.

ఇప్పుడు యజమాని వైపు కూడా ఒకసారి నిలబడి చూడండి. ఆయన బాధ ఒక్కటే: "నేర్పించాక పోతారు." ఎల్‌బీ నగర్ నుంచి మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా షోరూములే. పక్కవాళ్లు వెయ్యి ఎక్కువ ఇస్తామంటే ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. దాని ఫలితం తర్వాతి బ్యాచ్ మీద పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టించుకోవడం, మొదటి నెల డబ్బు ఆపడం అలాగే మొదలవుతాయి. సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం ఇవ్వొద్దు. మానేయాలనుకుంటే చెప్పి మానేయండి. ఒప్పందం మధ్యలో తెంచుకుంటే శిక్షణ ఖర్చు మీ మీద పడే వీలుంది, యజమాని మాట తప్పి తెగితే పరిహారం మీకు రావాలి. ఇవి రెండూ చట్టంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఒక్క విషయంలో ఆశ పెట్టుకోకండి. శిక్షణ అయిపోగానే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప. అందుకే సగం గడిచాక, ఆరో నెలలోనే మేనేజర్‌ను అడగండి: "నన్ను తీసుకునే ఆలోచన ఉందా సార్? లేకపోతే ఇంకా ఏం నేర్చుకోవాలి?" ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే యజమాని దగ్గర జీతం కాస్త తక్కువైనా ఉండొచ్చు. జవాబు దాటేస్తుంటే సర్టిఫికెట్ వచ్చేలోపు వేరే చోట వెతకడం మొదలుపెట్టండి.

సమస్య వస్తే ముందు షాపులో అప్రెంటిస్‌ల వ్యవహారం చూసే వ్యక్తికి చెప్పండి. తేలకపోతే పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, లేదా ఒప్పందం నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని అప్రెంటిస్ సలహాదారు కార్యాలయానికి వెళ్లండి. ఇప్పుడు అందరూ ఫోన్ తీసి, మీ ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో ఇక్కడే చూసుకోండి. కానివాళ్లు చేతులెత్తండి, రేపు బ్యాంకులో ఏం అడగాలో చెప్తాను.