మందుచీటీకి ముందుమాట



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిదని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. స్టెతస్కోపు మెడలోనే ఉన్నా, రోగి చెప్పడం అయ్యేదాకా ఆయన దాన్ని చెవుల్లో పెట్టుకునేవారు కాదు. ఆ హస్తవాసిలో చేతి వాటా కన్నా చెవి వాటాయే ఎక్కువేమోనని నాకు చాలాకాలంగా అనుమానం.

ఈ అనుమానానికి ఆధారం ఉంది. 1975లో ఇంగ్లండులో హ్యాంప్టన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల మీద ఒక పరిశీలన చేశారు. రోగి తెచ్చిన ఉత్తరం చదివి, అతను చెప్పింది విన్నాక జబ్బేమిటో ఒకసారి రాసుకున్నారు. ఒళ్లు పరీక్షించాక మళ్లీ రాసుకున్నారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు వచ్చాక ఇంకోసారి. చివరికి చూస్తే 66 మందిలో మొదట రాసుకున్నదే ఖాయమైంది. ఒళ్లు పరీక్షించినందువల్ల మారింది ఏడుగురి విషయంలో, ల్యాబు వల్ల మారింది మరో ఏడుగురి విషయంలో. ఆ తర్వాత సీటీలు, ఎంఆర్‌ఐలు వచ్చాయి, నిజమే. కానీ ఏ స్కానింగ్ రాయాలో తేల్చేది ఇప్పటికీ రోగి చెప్పే మాటే. అది వినకుండా రాసిన స్కానింగుకి డబ్బు ఖర్చవుతుంది, జవాబు దొరకదు.

ఇలాంటి సభల్లో డాక్టర్లు చిరునవ్వుతో పలకరించాలని, రోగిని కన్నబిడ్డలా చూసుకోవాలని చెప్పడం రివాజు. ఆ హితబోధ మీద నాకు నమ్మకం లేదు. నా ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రుల ఓపీల్లోనే గడిచింది. ఉదయం 9 నుంచి 1 గంట దాకా ఓపీ అంటే 240 నిమిషాలు. బయట బెంచీల మీద 120 మంది ఉంటే తలకి 2 నిమిషాలు. అందులోనే చీటీ రాయాలి, ఫోనొస్తే ఎత్తాలి, సర్టిఫికెట్ మీద సంతకం కోసం వచ్చినవాణ్ణి పంపించాలి. 2017లో 67 దేశాల లెక్కలు పోగేసి ఒక అంతర్జాతీయ బృందం ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దక్కే సమయాన్ని లెక్కగట్టింది. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం లెక్క దాదాపు 2 నిమిషాలు. ఇంత ఇరుకులో పనిచేసే మనిషి నవ్వడం లేదని నిందించడం అన్యాయం. డాక్టర్ల ఖాళీలు భర్తీ చేయకుండా గోడల మీద సూక్తులు రాయించే ప్రభుత్వాలకు ఈ మాట వినపడితే బాగుండును.

టైము లేదన్నది నిజమే. అయితే ఉన్న టైము ఎటు పోతోందన్నది వేరే లెక్క. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు డాక్టరు గదుల్లో మాటలు రికార్డు చేసి విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడు. అడ్డుపడ్డాక మొదటి మాటకు తిరిగొచ్చి పూర్తిచేసిన రోగి దాదాపు లేడు. అడ్డుపడకపోతే గంటలకొద్దీ చెప్తారు కదా అని మనవాళ్ల భయం. దానికి స్విట్జర్లాండులో బాసెల్ ఆసుపత్రివాళ్లు 2002లో జవాబిచ్చారు. రోగి తనంతట తాను ఆపేదాకా డాక్టర్లు నోరు మెదపకుండా కూర్చున్నారు. సగటున 92 సెకన్లలో అయిపోయింది. 335 మందిలో అయిదు నిమిషాలు దాటింది ఏడుగురే.

స్విస్ రోగి అపాయింట్‌మెంట్ తీసుకుని వస్తాడు, మన రోగి తొలి బస్సెక్కి వస్తాడు, కాబట్టి ఆ లెక్క మనకు అతికినట్టు సరిపోతుందని అనను. మన ఓపీలో సంభాషణ ఇలా ఉంటుంది. “ఎప్పట్నించమ్మా ఈ ఆయాసం?” “మా చిన్నమ్మాయి పెళ్లైన కాడ్నించీ సారూ.” కుర్ర డాక్టరుకి చిరాకేస్తుంది. తేదీ అడిగితే పెళ్లి కబుర్లు చెబుతుందేమిటని. కానీ ఆమె క్యాలెండరు అదే. పెళ్లెప్పుడైందని అడిగితే “మొన్న మాఘంలో” అంటుంది. అంటే ఆయాసం మొదలై నాలుగు నెలలు. పెళ్లిలో వంటపని చేసిందా, అప్పుడు మెట్లెక్కగలిగిందా, ఇప్పుడు ఎక్కగలుగుతోందా అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే గుండె సంగతి సగం తేలిపోతుంది. గదిమితే మాత్రం “ఏమో సార్, శానా రోజుల్నించి” అని ఊరుకుంటుంది. ఆ జవాబుతో ఏం చేస్తాం?

అసలు మాట గుమ్మం దగ్గర వస్తుంది. మోకాళ్ల నొప్పులని వచ్చిన పెద్దమనిషి చీటీ తీసుకుని, చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, “అన్నట్టు డాక్టరుగారూ, మొన్న పొలం గట్టు మీద నడుస్తుంటే ఇక్కడ పట్టేసినట్టయింది, గ్యాసేనంటారా?” అని గుండె మీద చెయ్యేసుకుంటాడు. ఆయన వచ్చింది దాని కోసమే. భయం వల్ల దాన్ని చివరికి ఉంచుకున్నాడు. అప్పటికి లోపల తర్వాతి రోగి కూర్చుని ఉంటాడు. ఈ చిక్కుకి మందు చాలా చవక. మొదటి బాధ వినగానే చీటీ అందుకోకుండా, “ఇంకేమైనా ఉందా?” అని అడగాలి. ఉందంటే మళ్లీ అదే అడగాలి. లేదు అనేదాకా అడగాలి.

ఇక గదిలో ఎవరెవరున్నారన్న సంగతి. మన దగ్గర రోగి ఒంటరిగా రాడు. అది మన బలం కూడా. ఆసుపత్రిలో రాత్రి పక్కన కూర్చునేది, చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తేది ఆ వచ్చినవాళ్లే. కానీ భార్యని అడిగిన ప్రశ్నకి భర్త జవాబు చెబుతాడు. తెల్లబట్ట గురించి, గర్భసంచి జారడం గురించి అత్తగారి ముందు ఏ కోడలు చెబుతుంది? “మీరు కాస్త బయట కూర్చోండి, పరీక్ష చేయాలి” అన్న ఒక్క వాక్యం కొందరి ప్రాణాలు కాపాడుతుంది. హైదరాబాదులో స్త్రీల సంఘాలు పూనుకుని స్త్రీల ఆరోగ్యం మీద తెచ్చిన పుస్తకానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టాయి. ఆ సందేహాలన్నీ డాక్టరు గదిలో అడగలేకపోయినవే.

క్యాన్సరు విషయంలో ఇది మరీ ముదురుతుంది. తండ్రి బయట బెంచీ మీద ఉంటాడు. కొడుకు ఫైలు చంకన పెట్టుకుని ముందుగా లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, “నాన్నగారికి తెలియకూడదు సార్, తట్టుకోలేరు” అంటాడు. ఆ కొడుకుది ప్రేమే, అనుమానం లేదు. కానీ హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రి గేటు దాటి లోపలికొచ్చిన మనిషికి తన జబ్బేమిటో తెలియదని అనుకోవడం అమాయకత్వం. ఇంట్లో వాళ్లకి తెలుసని ఆయనకి తెలుసు. ఆయనకి తెలియదన్నట్టు వీళ్లు, తెలియనట్టు ఆయన. పొలం ఎవరి పేర రాయాలో, ఎవరి బాకీ తీర్చాలో చెప్పాలనుకున్న మాటలు ఆయనతోనే పోతాయి. చెప్పేయాలా దాచాలా అని డాక్టరు ఒక్కడే తేల్చనక్కర్లేదు. ముందు రోగినే అడగవచ్చు: “మీ రిపోర్టుల సంగతి మీతో మాట్లాడమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?” చెడ్డవార్త ఎలా చెప్పాలన్న దాని మీద 2000లో అమెరికా, కెనడా క్యాన్సరు వైద్యులు రాసిన పద్ధతిలోనూ ఈ మెట్టు ఉంది. కొందరు “మావాడికి చెప్పండి సార్” అంటారు. అదీ ఆయన నిర్ణయమే.

బంధువుల సంతకం చాలునన్న అలవాటుకి సుప్రీంకోర్టు 2008లోనే గట్టి దెబ్బ వేసింది. కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్షకని మాత్రమే ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, మత్తులో ఉండగా, బయటున్న తల్లి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, రోగి మతి స్థిమితం ఉన్న మేజరు అయినప్పుడు, తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకి ఇచ్చిన అంగీకారం ఆపరేషనుకి పనికిరాదంది. అయినా థియేటరు గుమ్మంలో ఇంగ్లీషు కాగితం మీద “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ” అని వేలు పెట్టి సంతకాలు చేయించడం మీరంతా చూసే ఉంటారు.

చీటీ దగ్గరికొద్దాం. నేను అన్నిటికన్నా భయపడే చోటు ఇదే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఉంది. మంచి మందు, చవక మందు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం పోవచ్చు. ఇలా జరగడం ప్రపంచమంతా ఉంది. ఎందుకు జరుగుతుందో చూడండి. బీపీ మాత్ర రోజూ, షుగరు మాత్ర రోజూ, వాటి మధ్యలో ఇదొకటి. చీటీ మీద ‘వన్స్ వీక్లీ’ అని ఇంగ్లీషు గీతలు. మందుల షాపు కుర్రాడు కవరు మీద పెన్నుతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని అలవాటుగా గీస్తాడు. చేతికి పది మాత్రల అట్ట వస్తుంది. మాత్ర పేరు కింద తెలుగులో ‘ఆదివారం మాత్రమే’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌కి ‘మంగళవారం’ అని రాయాలి. వారం పేరు ఎవరూ మర్చిపోరు.

డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మర్చిపోతారని పరిశోధకులు చెబుతున్నారు. చదువుకున్నవాళ్లు దీనికి మినహాయింపేమీ కాదు. మనవాళ్లు చివర్లో “అర్థమైందా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకి తెలుగునాట ఒకటే జవాబు: “ఆ, అయింది సార్.” కాదని చెప్పడం పెద్దవాళ్లని తప్పుపట్టినట్టు కదా! దానికి బదులు, “ఇంటికెళ్లాక ఈ మందులు ఎలా వేసుకోవాలో మీ కోడలికి ఎలా చెప్తారో నాకు చెప్పండమ్మా” అని అడిగి చూడండి. ఏ మాత్ర ఎక్కడ తారుమారైందో అర నిమిషంలో బయటపడుతుంది. ఈ పని డాక్టరే చేయనక్కర్లేదు. నర్సమ్మ చేయొచ్చు, ఫార్మసిస్టు చేయొచ్చు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలని కూర్చోబెట్టారు. కార్డు, అప్రూవల్ సంగతి చూసే మనిషి ఉన్నప్పుడు మాత్రల సంగతి చూసే మనిషిని కూర్చోబెట్టలేమా?

ఆర్‌ఎంపీల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ఉపన్యాసం అబద్ధమవుతుంది. వాళ్లు స్టెరాయిడ్లు ఇచ్చి ముఖాలు వాచిపోయేలా చేసిన కేసులు మేం చూశాం, సెలైన్లు ఎక్కించి చేసిన నష్టమూ చూశాం. అయినా జనం అటే పోతారు. ఆర్‌ఎంపీ మంచం పట్టె మీద కూర్చుంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు, డబ్బులు పంటకి ఇమ్మంటాడు, రెండోరోజు వచ్చి ఎలా ఉందని అడుగుతాడు. ఎంబీబీఎస్ చదివినవాళ్లం ఇతన్ని తిట్టే ముందు ఈ నాలుగింట్లో మూడు మనం చేయగలిగినవేనని గుర్తుంచుకుంటే మంచిది. పంటకి ఇమ్మనడం మాత్రం కష్టం.

చదువులోనూ కొంత కదలిక వచ్చింది. 2019 బ్యాచి నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, సంభాషణ ఒక పాఠ్యాంశమయ్యాయి. మొదట్లో జరిగే తరగతుల్లో స్థానిక భాష నేర్పాలన్న నియమమూ ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటా. రాజస్థాన్ నుంచి వచ్చిన అమ్మాయి మన వార్డులో రాత్రి డ్యూటీ చేస్తుంది. “ఏమయింది, ఎక్కడ నొప్పి” దాకా ఆమె నేర్చుకుంటుంది. “గుండెల్లో గాబరాగా ఉంది, కాళ్లు లాగేస్తున్నాయి, తల దిమ్ముగా ఉంది” అన్నది ఆమెకి ఎవరు నేర్పుతారు? ఈ పాఠాన్ని ఆడిటోరియంలో స్లైడుల మీద చెప్పేసి హాజరు వేసుకుంటే లాభం లేదు. ఫైనల్ పరీక్షలో రోగితో మాట్లాడిన తీరు చూసి, బాగాలేకపోతే తప్పించాలి. మన పిల్లలు మార్కులున్నదే చదువుతారు.

రోగుల వైపు చెప్పాల్సింది కొంచెమే. వాడే మందులన్నీ, అట్టలతో సహా, ఒక కవరులో వేసి తీసుకురండి. “ఎర్రమాత్ర, తెల్లమాత్ర” అంటే మాకు అందదు. పసరు మందో కషాయమో వాడుతుంటే చెప్పండి, కోప్పడితే పడనివ్వండి. డబ్బు చాలక మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటుంటే అది తప్పకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే ఏమవుతుందంటే, బీపీ తగ్గలేదని డాక్టరు ఇంకో మాత్ర రాస్తాడు. ఉన్నది కొనలేని మనిషి చేతిలో ఇంకో చీటీ పెడతాడు. డాక్టర్లు కూడా “వేసుకుంటున్నారా?” అని దబాయించకుండా “నెలకి మందులకెంతవుతోంది?” అని అడిగితే నిజం తేలిగ్గా బయటికొస్తుంది.

చివరగా ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన ట్రస్టువారికి ఒక మనవి. ఏటా ఈ ఉపన్యాసాన్ని పుస్తకంగా వేస్తున్నారు, సంతోషం. ఈ ఏడు ఆ ఖర్చులో సగంతో మన ఏరియా ఆసుపత్రికి తెలుగు మందుచీటీ పుస్తకాలు అచ్చువేయించండి. మాత్ర పేరు, దేనికి, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఏ వారం, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏం జరిగితే ఆగకుండా రావాలి. ఈ గడులు చాలు. కార్బన్ కాపీ ఆసుపత్రిలో ఉండాలి. అక్షరం పెద్దదిగా వేయించండి, వచ్చేవాళ్లలో కళ్లజోడు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. నమూనా ఒకటి రాసి తెచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తున్నాను.