మన వాన ఎటు పోతుంది?

పిల్లలూ, అమెరికాలో చాలా బడుల్లో నాలుగో తరగతిలోనే తమ రాష్ట్రం నదులు, కొండలు, చరిత్ర చెబుతారు. అలాగే ఈ పూట మనం మన ఖమ్మం సీమ గురించి చెప్పుకుందాం.

మన బోనకల్ రైల్వే స్టేషన్‌లో నిలబడితే ఒకవైపు పట్టాలు కాజీపేటకు, రెండోవైపు విజయవాడకు పోతాయి. మరి వాన నీళ్లో? మన వైపు పడ్డవి వాగుల్లో పారి, మున్నేరు నదిలో కలిసి, కృష్ణమ్మను చేరతాయి. భద్రాచలం అడవుల్లో పడ్డవి గోదావరికి పోతాయి. కిన్నెరసాని నది కలిసేదీ గోదావరిలోనే. పటం తెచ్చుకుని వేలితో గీసి చూడండి, భలే ఉంటుంది.

నీళ్లలాగే ఏలుబడి కూడా ఒకప్పుడు రెండు వైపులుగా ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఖమ్మం నిజాం ఏలుబడిలో ఉంటే, భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా అయింది. 1959లో భద్రాచలం వచ్చి కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది.

సరిహద్దు గీతలు ఎన్నిసార్లు మారినా మనుషుల చుట్టరికం తెగలేదు. మన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నే కదా భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో మగ్గి, రామదాసుగా మనకు మిగిలింది! ఆ నేలకొండపల్లిలోనే పాత బౌద్ధ స్తూపం కూడా ఉంది. తప్పక చూడండి.

భద్రాచలం అడవుల వైపు ఉండే కోయవాళ్లకు సొంత భాష ఉంది. అటు వెళ్లినప్పుడు నీళ్లను, చెట్టును వాళ్లేమంటారో అడిగి, మీ నోటుపుస్తకంలో రాసుకోండి.