స్విస్ సైనికుని మడతచాకు: దాని తరమును గుర్తించుట

పాతవస్తువులను సేకరించు అభిరుచి గలవారు మన శ్రోతలలో అనేకు లుందురు. కొందరికి నాణెములపై మక్కువ, కొందరికి తపాలాబిళ్లలపై, మరికొందరికి గడియారములపై. వస్తువు ఏదైనను, అది చేతికి వచ్చినంతనే పుట్టు ప్రశ్న ఒక్కటే: ఇది ఏనాటిది? నాణెముమీద రాజు పేరుండును. తపాలాబిళ్లమీద ముద్ర యుండును. కాని ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే ప్రయోజనమునకు, నూరేండ్లకు పైగా తయారగుచు వచ్చిన పనిముట్టు విషయమున ఈ ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు. అట్టి పనిముట్లలో లోకప్రసిద్ధి పొందినది స్విట్జర్లాండు సైనికుని మడతచాకు. దానిని కొలచి, తూచి, చదివి, ఏ తరమునకు చెందినదో నిర్ణయించు విధానమును ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

ముందుగా దాని పుట్టుక తెలియవలెను. స్విట్జర్లాండులో ష్విజ్ పట్టణము చెంతనున్న ఇబాక్ అను గ్రామమున 1884లో కార్ల్ ఎల్సెనర్ అను చాకుల పనివాడు ఒక కార్ఖానాను నెలకొల్పెను. 1889లో స్విస్ సేన ష్మిట్-రూబిన్ అను కొత్త తుపాకిని చేపట్టెను. దానిని విప్పి శుభ్రపరచుటకు స్క్రూడ్రైవరు కావలెను. డబ్బాలలో నిలువచేసిన ఆహారమును తెరచుటకు వేరొక పరికరము కావలెను. సైనికుడు వీటిని విడివిడిగా మోయనక్కరలేకుండ, బ్లేడు, ఆరె, డబ్బాలు తెరచు మీట, స్క్రూడ్రైవరు అను నాలుగింటిని ఒకే పిడిలో మడచిన చాకును సేనవారు నిర్ణయించిరి. 1890 నమూనా యని దానికి పేరు. అంత పెద్దసంఖ్యలో చాకులు చేయగల కార్ఖానా ఆనాడు స్విట్జర్లాండులో లేదు. అందుచే మొదటి 15,000 చాకులను జర్మనీలోని జోలింగెన్ పట్టణమునకు చెందిన వెస్టర్ సంస్థ చేసి 1891లో అందజేసెను. ఆ సంవత్సరముననే ఎల్సెనర్ కూడ సేనకు చాకుల నిచ్చుటకు ప్రారంభించెను.

ఇచ్చట సామాన్యముగా కలుగు భ్రమ యొకటి కలదు. స్విస్ చాకు అనగానే ఎర్రని పిడియు, సీసా బిరడాలు తీయు మెలిసూదియు మన కన్నుల ముందు నిలుచును. అది సైనికుని చాకు కాదు. ఎల్సెనర్ 1897 జూన్ 12న వేరుగా నమోదు చేయించిన తేలికపాటి చాకు అది; అధికారుల చాకు అను పేరుతో ప్రసిద్ధమైనది. పేరెట్లున్నను, సేన దానిని తన సామగ్రిలో చేర్చుకొనలేదు. కావలసినవారు సొంతసొమ్ముతో కొనుక్కొనిరి. కాబట్టి మన పరీక్షలో మొదటిమెట్టు ఇది: చాకునకు మెలిసూది యున్నచో, అమ్మువాడు ఏమి చెప్పినను, అది సైనికులకు పంచిన చాకు కాదు.

రెండవమెట్టు కొలతబద్ద. చాకును మూసియుంచి కొలువవలెను. 1890 నమూనాయు, దాని తరువాతి 1908 నమూనాయు నూరు మిల్లీమీటర్ల పొడవు గలవి. 1951 నమూనా 93 మిల్లీమీటర్లకు తగ్గెను. 1961 నమూనా పొడవు కూడ అంతియే. 2008 నమూనా ఒక్కసారిగా 111 మిల్లీమీటర్లకు పెరిగెను. పొడవు సమానముగా నున్నవానిని మందమును బట్టి విడదీయవచ్చును. 1890 నాటిది ఇరువది మిల్లీమీటర్లకు కొంచెము మించిన మందము గలది. 1908 నాటిది పదునారున్నర. 1951 నాటిది పదమూడున్నర. 1961 నాటిది పండ్రెండు మాత్రమే.

మూడవమెట్టు త్రాసు. 1890 నమూనా బరువు 144 గ్రాములు. మన పాతలెక్కలో పండ్రెండు తులములకు పైమాట. 1908 నాటిది 125 గ్రాములు, 1951 నాటిది 90, 1961 నాటిది 72. అనగా డెబ్బదియేండ్లలో చాకు బరువు సరిగా సగమైనది. సైనికుడు రోజంతయు మోయవలసిన వస్తువునుండి బరువు తగ్గించుట ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. బంగారము తూచు చిన్నత్రాసు ఇంట నున్నవారు ఈ పరీక్షను తామే చేసికొనవచ్చును.

ఇక పిడి సంగతి. 1890 నమూనాకు మొదట నల్లబరచిన ఓకు కొయ్యతో పిడులు చేసిరి. కొయ్య చెమ్మకు ఉబ్బును, దెబ్బకు పగులును. కావున తరువాత దాని స్థానమున ఫైబరు పలకలు వచ్చెను. 1908, 1951 నమూనాలు రెండును ఫైబరు పిడి గలవే. వాటి పిడికొనలయందు తెల్లగా మెరయు లోహపు తొడుగు ఉండును. చూచుటకు వెండివలె నున్నను అది జర్మన్ సిల్వరు. రాగి, నికెలు, జింకు కలిపిన మిశ్రమమే గాని అందు వెండి లేశమును లేదు. 1961లో ఫైబరు పోయి అల్యూమినియము వచ్చెను. దానిమీద సన్నని గళ్లు అచ్చొత్తి, విద్యుత్తు సహాయమున పైపొరను గట్టిపరచిరి. తడిచేతికి జారకుండుటకు ఆ గళ్లు ఉపకరించును. తొలి సంవత్సరములలో ఈ పిడికి ఎర్రరంగు వేసిరి. తరువాత వెండిరంగే స్థిరపడినది.

నాలుగవమెట్టు ఉక్కు. 1951 నమూనాకు ముందటి సైనికచాకులు మామూలు ఉక్కువి. చింతకాయలు తరిగిన కత్తిపీట నల్లబడునట్లే వాటి బ్లేడులమీద కాలక్రమమున బూడిదవన్నె మచ్చలు కమ్మును. 1951 నమూనా పనిముట్లన్నియు తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి. ఈ రెంటిని వేరుపరచుటకు కొందరు అయస్కాంతమును పట్టి చూచుదురు. ఆ పరీక్ష ఇచ్చట పనికిరాదు. మన వంటపాత్రల స్టీలు అయస్కాంతమునకు సాధారణముగా అంటుకొనకపోవచ్చును. కాని పదును నిలుచునట్లు గట్టిపరచిన చాకు స్టీలు అంటుకొనును. అయస్కాంతమునకన్న కంటికి కనుపించు మచ్చయే నమ్మదగిన సాక్షి.

అయిదవమెట్టు అక్షరములు. బ్లేడును తెరచి, పదును ముగిసి పిడిలోనికి చొచ్చుకొనిపోవు మొదటిభాగమును భూతద్దముతో చూడవలెను. తయారీదారుని పేరు అక్కడ నుండును. తొలికాలపు చాకులమీద ఎల్సెనర్ పేరును, ష్విజ్ అను ఊరిపేరును కనుపించును. 1909లో ఎల్సెనర్ తల్లి విక్టోరియా మరణింపగా, ఆమె స్మృత్యర్థము ఆ పేరునే సంస్థకు గుర్తుగా స్వీకరించిరి. 1921లో స్టెయిన్‌లెస్ స్టీలు వాడుకలోనికి వచ్చినపుడు, తుప్పుపట్టని ఉక్కునకు ఫ్రెంచిలో గల ఇనాక్స్ అను సంక్షేపమును ఆ పేరునకు చేర్చి విక్టోరినాక్స్ అనిరి. దీనినుండి తేలునది స్పష్టము. కొయ్యపిడి గల 1890 నమూనా యని చెప్పుచు విక్టోరినాక్స్ అను ముద్ర గల బ్లేడును చూపినచో ఆ రెంటికి పొత్తు కుదరదు. బ్లేడు మార్చినదైనను కావలెను, కథ కల్పించినదైనను కావలెను.

ఇందుకు విరుద్ధముగా, అనవసరముగా శంకింపదగని పేర్లును కొన్ని కలవు. స్విస్ చాకుమీద జర్మనీ సంస్థ పేరేమని త్రోసివేసినవాడు మొదటి 15,000లో ఒకదానిని పోగొట్టుకొనవచ్చును. అట్లే వెంగర్ అను పేరును చూచి నకలు అనుకొనరాదు. జూరా ప్రాంతమునందలి డెలెమోన్ పట్టణమున ఆ సంస్థ ఉండెడిది. 1908లో ప్రభుత్వము ఉభయ ప్రాంతములకు న్యాయము కలుగవలెనని సేనకు కావలసిన చాకులను విక్టోరినాక్స్, వెంగర్ సంస్థలకు చెరిసగము పంచెను. 2005లో వెంగర్ సంస్థను విక్టోరినాక్స్ కొనెను. 2013లో వెంగర్ పేరుతో చాకులు చేయుట నిలిచెను. ఆ తరువాత ఆ పేరు గల సైనికచాకులకు ప్రీతి మరింత పెరిగినదనుటలో ఆశ్చర్యము లేదు.

1961 నమూనాలో పేరుతోపాటు సంవత్సరము కూడ రెండంకెలలో ముద్రితమై యుండును. 63 అని యున్నచో 1963 అని గ్రహింపవలెను. ఈ నమూనా 2008 వరకు కొనసాగెను గనుక, ఆ రెండంకెలే దాని జన్మపత్రిక. ఇదే రూపము గల చాకులను పౌరులకును అమ్మిరి. వాటికి సాధారణముగా తాళపుచెవులు తగిలించు రింగు ఉండును. సైనికునికిచ్చిన దానికి రింగు ఉండదు. 2008 నమూనాతో ఇట్టి చిక్కు లేదు. ఆకుపచ్చ, నలుపు వన్నెల పిడి, ఒంటిచేతితో తెరచుటకు వీలైన బ్లేడు, తెరచినపుడు బిగిసికొను తాళము, కొయ్య కోయు రంపము — ఇవి దూరమునుండియే దానిని పట్టియిచ్చును.

ఈ గుర్తులన్నిటిని వివరించుటలో మా ఉద్దేశము ఒక్కటి. ఏ ఒక్క గుర్తునో చూచి తీర్పు చెప్పరాదు. పొడవు, బరువు, పిడి, ఉక్కు, పేరు, సంవత్సరము అను సాక్షులందరును ఒకే మాట చెప్పవలెను. పిడులను మార్చవచ్చును, బ్లేడులను మార్చవచ్చును. అన్నిటిని ఒకే తరమునకు సరిపోవునట్లు మార్చుట మిక్కిలి కష్టము. మోసము సామాన్యముగా ఒక సాక్షి నోటనైనను బయటపడును.

మోసగానికన్న ఎక్కువ చేటు చేయువారు మంచివారే యగుట విచారకరము. విదేశమునుండి బంధువు తెచ్చియిచ్చిన పాతచాకు ఇంటికి వచ్చును. మచ్చలు చూచి గృహస్థునకు మనసొప్పదు. గరుకుకాగితముతో రుద్దును, లేదా ఇత్తడిచెంబువలె చింతపండుతో తోమించును. సాయంకాలమునకు చాకు తళతళలాడును. కాని మచ్చతో పాటు బ్లేడు మొదట నున్న పేరు అరిగిపోవును, సంవత్సరము చెరిగిపోవును. ఇక ఆ చాకు ఎవరి చేతిలో ఎన్నడు పనిచేసెనో చెప్పగల సాక్షి లేడు. దాని వెల తగ్గుట ఒక నష్టము. దాని చరిత్ర పోవుట అంతకన్న పెద్దనష్టము, ఏ ధనముతోను తిరిగి కొనరానిది.

కనుక అట్టి వస్తువు మీ యింట నున్నచో పొడిగుడ్డతో తుడువుడు. కీళ్లలో ఒక బొట్టు నూనె వేయుడు. చెమ్మ తగులని చోట, పిల్లలకు అందనట్లు భద్రపరుపుడు. సానపట్టుటకు ముందు భూతద్దముతో అక్షరములను చదివి, కొలతలను, బరువును ఒక కాగితముమీద వ్రాసి చాకుతోపాటు ఉంచుడు. రేపు మీ మనుమడు ఇది ఏనాటిదని యడిగినపుడు, ఆ కాగితమును చాకును కలిసి సమాధానము చెప్పగలవు.