కెల్మ్‌స్కాట్ కర్షకగృహము: ఒక రాతికప్పు వాస్తువు



రాజప్రాసాదములను గూర్చియు దేవాలయములను గూర్చియు వాస్తుచరిత్రకారులు విస్తరించి వ్రాసిరి గాని, కర్షకుడు తన బిడ్డలకు నీడగా కట్టుకొన్న యింటిని అంతటి శ్రద్ధతో పరిశీలించినవారు అరుదు. అందుచేత ఈ స్మారకోపన్యాసమునకు, ఇంగ్లండున థేమ్సునది యెగువతీరమున, ఆక్స్‌ఫర్డ్‌షైరు పడమటి యంచున నున్న కెల్మ్‌స్కాట్ గ్రామమునందలి రాతియింటిని విషయముగా గ్రహించితిని. ‘మేనర్’ (భూస్వామి భవనము) అను గొప్ప పేరు దానికి తరువాత వచ్చినదే. 1600 ప్రాంతమున దానిని కట్టించినవారు సేద్యమున సంపన్నులైన టర్నరు వంశీయులు.

గోడలు అచ్చటి సున్నపురాతివి. నునుపుగా చెక్కిన రాయి మూలలకును, కిటికీలను నిలువున విభజించు స్తంభికలకును పరిమితము. తక్కినదెల్ల గనిరాతిని కొద్దిగా సరిచేసి వరుసలు కూర్చినదే. పదునేడవ శతాబ్దమున ఈశాన్యమున చేర్చిన భాగమందు పైగవాక్షములకు రోమకరీతిని చిన్న త్రికోణశిఖరములు దిద్దిరి. అది నగరాభిరుచి పల్లెకు చేరిన జాడ. నా దృష్టికి అంత ముఖ్యము కాదు.

ముఖ్యమైనది కప్పు. మన పల్నాటి నాపరాయివలె పొరలుగా నుండు సున్నపురాతిని, కెల్మ్‌స్కాట్‌కు చేరువనున్న కాట్స్‌వోల్డ్ సీమయందు స్టోన్స్‌ఫీల్డు మొదలగు తావుల శరత్కాలమున త్రవ్వి, తడి యారనీయక కాపాడి, హేమంతమున ఆరుబయట పరచెడివారు. పొరలలోని నీరు గడ్డకట్టి యుబ్బి బండను పలకలుగా చీల్చెడిది. పలకకు రంధ్రము చేసి, ఓక్ కొయ్యచీలతో అడ్డబద్దలకు తగిలింతురు. నూరు చదరపుటడుగుల కప్పు ఇంచుమించు ఒక టన్ను తూగును గనుక గోడలు దళసరివి, దూలములు బలిష్ఠములు. ఎగుడుదిగుడు పలకల సందులలో నీరు నిలువరాదు గనుక కప్పు మిక్కిలి వాలుగా లేచును. ఆ వాలుచేతనే ఇంటి మొగములు త్రికోణాకృతిని ఉన్నతములై, లోపల అటకగదులకు చోటు కల్పించినవి. చూరునొద్ద పెద్దపలకలు, కొప్పునకు పోనుపోను చిన్నవి. పైనుండి జారిన వానయంతయు చేరు చోట అతుకులు తక్కువగుటయు, గని యిచ్చిన చిన్న పలకయు వ్యర్థము గాకుండుటయు ఈ యొక్క యేర్పాటుననే సిద్ధించినవి. ఇంటి రూపమంతయు ఈ కప్పునుండియే పుట్టినదని నేను నమ్ముచున్నాను.

కవియు హస్తకళానిపుణుడును నగు విలియం మారిస్ 1871 లో చిత్రకారుడు రోసెట్టితో కూడి ఈ యింటిని అద్దెకు గైకొని, 1896 లో మరణించువఱకును విడువలేదు. ఆ పలకల క్రమమును అతడు మిక్కిలి ప్రేమించెను. ప్రాచీనకట్టడముల రక్షణకై 1877 లో అతడు నెలకొల్పిన సంఘము, పునరుద్ధరణ పేర పాతదానిని చెరిపి దాని వేషమును కొత్తదానికి వేయుటను గర్హించి, నిత్యపు మరమ్మతునే విధిగా బోధించినది. 1962 నుండి లండనునందలి పురావస్తుజ్ఞుల సంఘము ఈ యింటిని పాలించుచున్నది.

మరి మరమ్మతునకు పలక యెక్కడిది? ఆ గనులు చాలవఱకు మూతపడుటచే, ఒక పాతకప్పునకు కావలసిన పలకను వేరొక పాతకప్పును విప్పి తెచ్చు దురవస్థ ఆ దేశమున ఏర్పడినది. ఒక ధాన్యపుకొట్టము శిథిలమైన గాని ఒక యిల్లు నిలువదన్నచో, దానిని సంరక్షణమని యెట్లనగలము? గనులను కొన్నింటినైనను చిన్నమేర తెరచుటకు అనుమతి నీయవలెనని అచ్చటి సంరక్షకులు కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనదని నా దృఢవిశ్వాసము.