అంకె చూసి బెదరొద్దు, చూడకుండా ఉండొద్దు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరుని, డాక్టరుని కాను. అయినా మగవాళ్ళు బయటికి చెప్పుకోని ఒక జబ్బు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా నాన్న రాత్రికి నాలుగైదుసార్లు లేచేవారు. వయసు మీద పడింది కదా అనుకున్నాం. నడుం నొప్పి అంటే చెరకు మోపులు మోసిన నడుమే కదా అనుకున్నాం. పరీక్ష చేయించేసరికి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. రక్తంలో పీఎస్‌ఏ వందల్లో ఉంది.

పీఎస్‌ఏ అనేది ప్రొస్టేట్ గ్రంథిలో తయారయ్యే ప్రొటీను. కొంత రక్తంలోకి చేరుతుంది. అమెరికాలో ఈ పరీక్షను 1986లో జబ్బు తెలిసినవాళ్ళ పరిస్థితిని గమనించడానికి, 1994లో జబ్బును కనిపెట్టడంలో సాయంగా వాడటానికి అనుమతించారు. గమనించడానికి అది ఎంత పనికొస్తుందో నాన్న విషయంలో చూశాను. ఇంజెక్షన్లు మొదలయ్యాక అంకె బాగా దిగింది. రెండేళ్ళ తర్వాత, నొప్పి తిరగబెట్టక ముందే, మళ్ళీ పెరిగింది. డాక్టరుగారు వెంటనే మందు మార్చారు. ఇంకో ఏడాదిన్నర నాన్న మాతో ఉన్నారు.

తర్వాత నా వంతు. 52వ ఏట నాకు 5.8 వచ్చింది. 4 దాటితే ఆలోచించాలంటారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీరా చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అది తగ్గాక, ఆరు వారాలకు మళ్ళీ చేయిస్తే 1.9. గ్రంథి పెరిగినా ఈ అంకె పెరుగుతుంది. గ్రంథి పెరిగినందుకు వాడే ఫినాస్టరైడ్ మాత్ర దాన్ని దాదాపు సగానికి దించుతుంది. అది వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అంకె తక్కువున్నా కొందరికి జబ్బు ఉండొచ్చు. తేల్చి చెప్పేది బయాప్సీ.

మనవైపు బెల్లం వండేవాళ్ళు పాకాన్ని నీళ్ళలో వేసి చూస్తారు. ఒకసారి చూసి పెనం దింపేయరు, మళ్ళీ మళ్ళీ చూస్తారు. ఈ పరీక్షా అంతే.

అందరూ రేపే పరుగెత్తమనను. నెమ్మదిగా పెరిగే జబ్బుకు అక్కర్లేని వైద్యం చేస్తే మూత్రం ఆగకపోవడం లాంటి బాధలు మిగులుతాయి. కానీ తొలిదశలో ఏ లక్షణమూ లేకపోవచ్చు. కాబట్టి 50 దాటినవాళ్ళు, తండ్రికో అన్నదమ్ములకో ఉంటే 45 నుంచే, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది.

నాన్న తన బాధ అమ్మకు కూడా చెప్పలేదు. సిగ్గుపడ్డారు. మీరు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో ఇంటికెళ్ళి చెప్పండి. అదే నేను కోరేది.

సెలవు.